ఎర్ర గంటలు

అక్టోబరు 6, సోమవారం

డెరిక్ మళ్ళీ కరెంటు కంపెనీ మార్చాడు. నిన్న భోజనం అయ్యాక బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రేట్లు పోల్చి చూపించే సైట్లు వరసగా తెరిచి కూర్చున్నాడు. ఇంగ్లండు తీరాన ఈ గ్రిమ్స్‌బీలో మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు ఆదివారాలు ఫుట్‌బాల్ చూస్తారు. నా మొగుడికి ఇదే ఫుట్‌బాల్. చవక రేటు దొరికితే గోలు పడ్డట్టు చప్పట్లు కొడతాడు. ఆ కాసేపు అతన్ని చూస్తే నాకూ ముచ్చటగానే ఉంటుంది.

కొత్త రేటు రోజంతా చవక. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మాత్రం మూడింతలు. దేశమంతా ఇంటికి చేరి కెటిల్ పెట్టుకునేదీ, ఓవెన్ వెలిగించుకునేదీ అప్పుడేనట.

"ఎర్ర గంటలు," అన్నాడు డెరిక్. "ఆ మూడు గంటలూ ఇల్లు నిద్రపోవాలి."

"మరి వంట?"

"మూడింటికే వండేసి దుప్పటి చుట్టిపెట్టు. యుద్ధం రోజుల్లో మా నాయనమ్మ అలాగే చేసేది."

"హీటర్?"

"స్వెట్టర్లున్నాయిగా."

మా ఇంట్లో గ్యాసు లేదు. వంటా, వేణ్ణీళ్ళూ, హీటర్లూ అన్నీ కరెంటే. సరే, మూడు గంటలేగా. బడి వంటింట్లో నా పని రెండింటికి అయిపోతుంది. వీలవుతుంది.

అక్టోబరు 15, బుధవారం

స్మార్ట్ మీటరుతో పాటు ఇచ్చిన చిన్న తెర వంటింటి కిటికీలో పెట్టాడు. తక్కువ వాడితే పచ్చగా, ఎక్కువైతే ఎర్రగా వెలుగుతుంది. టోస్టరు పెడితే చాలు, పట్టపగలు ఏదో పాపం చేసినట్టు ఎర్రబడుతుంది. నాకు నవ్వొచ్చింది. డెరిక్‌కు రాలేదు.

ఎర్ర గంటల్లో కోటు వేసుకుని కూర్చుంటున్నాను. అలవాటైపోయింది.

అక్టోబరు 22, బుధవారం

మధ్యాహ్నం డెరిక్ రేవు దగ్గరి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. పని రోజు ఎప్పుడూ చేయడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఏం?"

"అరగంటలో కెటిల్ రెండుసార్లు మరిగింది."

ఇంట్లో తెర సంగతే నాకు తెలుసు. ఫోన్లో యాప్ కూడా ఉందట. అరగంట అరగంటకీ ఎంత వాడామో గీతలు గీసి చూపిస్తుందట.

"నేనే రెండు కప్పులు తాగాను," అన్నాను.

"రెండు కప్పులా? ఒంట్లో బాగాలేదా?"

పక్కింటి మావిస్ వచ్చి నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఎవరూ లేరని ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆవిడ కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది.

నా ఒంటి గురించే కంగారుపడి ఉంటాడు. ఎవరి మొగుడు పనిలో ఉండి ఇంతగా పట్టించుకుంటాడు?

అక్టోబరు 23, గురువారం

ఇవాళ కెటిల్ పెట్టలేదు.

నవంబరు 4, మంగళవారం

ఉపాయం దొరికింది. పొద్దున డెరిక్ టీ కోసం కెటిల్ పెట్టినప్పుడే నిండా పోసి, మిగిలిన నీళ్ళు ఫ్లాస్కులో పోసి పెట్టుకుంటున్నాను. యాప్‌లో అది అతని కెటిలే. ఫ్లాస్కు సంగతి ఎవరికీ కనబడదు.

మావిస్ ఆ టీ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టింది.

"అమ్మాయ్ లినెట్, ఇది టీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"చల్లారింది. తాగండి."

"మా ఆయన బతికున్న రోజుల్లో గుర్రప్పందేల లెక్క చూసేవాడు. మీ ఆయన కెటిల్ లెక్క చూస్తున్నాడు. గుర్రాలే నయం, అవి ఇంట్లో ఉండవు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కప్పులు నేను చన్నీళ్ళతో కడిగాను.

నవంబరు 9, ఆదివారం

తలుపు తగిలింది. నిజంగానే తలుపే. తలుపు వేసింది డెరిక్, అంతే. మణికట్టు అక్కడుందని చూసుకోలేదు.

శుక్రవారం అయిదింటికి, అతను బయటికి వెళ్ళినప్పుడు హీటర్ పెట్టాను. పది నిమిషాలు. చేతివేళ్ళు తెల్లబడిపోయాయని పెట్టాను. చెప్పకపోవడం నాదే తప్పు.

రేపు బడిలో ఓవెన్ తలుపు తగిలిందని చెబుతాను. ఎలాగూ తలుపే కదా, అబద్ధం కాదు.

శుక్రవారమే వెళ్ళి చేపా చిప్సూ తెచ్చాడు. ఏడ్చాడు. ఎర్ర గంటల్లో తనే లేచి నాకోసం హీటర్ వేశాడు. అది మావిస్‌కి చెప్పాలనిపించింది. చెబితే ఆవిడ ఏ మొహం పెడుతుందో తెలిసి ఊరుకున్నాను.

నవంబరు 19, బుధవారం

మావిస్ ఇవాళ టీ కూడా అడగలేదు. మణికట్టు పట్టుకుని చూసి, "విట్‌బీలో నా మేనకోడలు ఐలీన్‌కి ఊలు దుకాణం ఉంది. పైన రెండు గదులు ఖాళీ," అంది.

"నాకెందుకు చెబుతున్నారు?"

"ఊరికే. వయసైంది కదా, ఏదో ఒకటి వాగుతుంటాను."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. పచ్చగా ఉంది. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తోంది.

నవంబరు 26, బుధవారం

బడి అయ్యాక బ్యాంకుకు వెళ్ళాను. నా జీతం డెరిక్ ఖాతాలో పడుతుంది. క్రిస్మస్‌కి అతనికి తెలియకుండా ఏదైనా కొనాలంటే నాకంటూ ఒక ఖాతా ఉండాలి కదా. అందుకే వెళ్ళాను.

కౌంటర్లో పిల్ల మర్యాదగానే మాట్లాడింది.

"మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు ఏదైనా కావాలండీ. గ్యాసు బిల్లో, కరెంటు బిల్లో. మీ పేరు మీద."

"అవన్నీ మా ఆయన పేరు మీదే."

"నీళ్ళ బిల్లు? ఇంటి పన్ను?"

"అవీ."

"అయ్యో," అంది.

రెండో పెళ్ళి చేసుకుని ఆ ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆ నేల తుడుస్తున్నాను, ఆ చలిలో వణుకుతున్నాను. ఈ దేశంలో కరెంటు బిల్లు మీద పేరు లేకపోతే మనిషి ఎక్కడా ఉంటున్నట్టు కాదు. బస్సు స్టాపు దాకా ఏడుస్తూ నడిచాను. క్రిస్మస్ బహుమతి కోసం ఎవరూ అంత ఏడవరు. నాకు ఆ ఇంట్లోంచి వెళ్ళిపోవాలని ఉంది. ఇదిగో, రాసేశాను.

డిసెంబరు 2, మంగళవారం

మొన్న రాసింది అలిసిపోయి రాసింది.

డిసెంబరు 7, ఆదివారం

మళ్ళీ ల్యాప్‌టాప్. ఇవే ఎర్ర గంటలున్న ఇంకో కంపెనీ కొత్తగా చేరేవాళ్ళకి మొదటి బిల్లులో పెద్ద తగ్గింపు ఇస్తోంది. డెరిక్ మొహం వెలిగింది, వెంటనే ఆరింది. రెండేళ్ళ క్రితం వాళ్ళ దగ్గర ఉండి వచ్చేశాడు, కాబట్టి అతను కొత్త కాదు.

నేను బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను. తల ఎత్తలేదు.

"లినెట్, నువ్వు కొత్తే కదా," అన్నాడు.

"దేనికి?"

"ఖాతా నీ పేరు మీద పెడదాం. తగ్గింపు మనకొస్తుంది. పేరు నీది, బుర్ర నాది."

"నాకివన్నీ తెలియవు డెరిక్."

"తెలియక్కర్లేదు. ఈమెయిల్ నాదే ఇస్తాను, యాప్ నేనే చూసుకుంటాను. నువ్వు ఊరికే ఉండు." గట్టిగా నవ్వాడు. "స్టాండింగ్ చార్జీ ఉంటుంది చూడు, వాడినా వాడకపోయినా రోజూ కట్టాల్సిందే. నువ్వూ నాకు అంతేనే."

నేనూ నవ్వాను. కత్తి కింద పెట్టి మరీ నవ్వాను.

జనవరి 8, గురువారం

స్వాగతం శ్రీమతి లినెట్ ఆష్‌బీ గారూ, అంటూ మొన్న కంపెనీ వాళ్ళ కాగితం పోస్టులో వచ్చింది. కింద ఇంటి చిరునామా. డెరిక్ చూసి ఫైలులో పెట్టమన్నాడు. పెట్టాను. మర్నాడు తీశాను, సాయంత్రానికి మళ్ళీ పెట్టాను.

బ్యాంకు పిల్ల నన్ను గుర్తుపట్టింది. "దొరికిందా?" అంది, తనే గెలిచినట్టు.

జనవరి 21, బుధవారం

అతను ఈ వారం చాలా బాగున్నాడు. తొందరపడుతున్నానేమో.

జనవరి 24, శనివారం

తొందరపడటం లేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం. విట్‌బీ.

బడికి సెలవులిచ్చిన మొదటి రోజు, నిన్న పొద్దున, అతను పనికి వెళ్ళగానే వచ్చేశాను. మావిస్ టాక్సీ పిలిచింది. ఒక సంచి. బల్ల మీద చీటీ పెట్టాను: బాగున్నాను, వెతకొద్దు. ఈ నెల జీతం నా ఖాతాలో పడుతుంది. ఎక్కడికి వెళ్ళానో మావిస్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఐలీన్ పెద్ద మనిషి, పెద్ద గొంతు. వెనక మెట్ల మీంచి పైకి తీసుకెళ్ళి, తాళంచెవి చేతిలో పెట్టి, "ఇక్కడ సీగల్ పక్షులు తప్ప ఎవరూ అరవరు. నేను అరిస్తే పట్టించుకోకు," అంది.

కరెంటు నా పేరు మీద పెట్టించుకోవాలి. వేరే కంపెనీకి వెళ్తే ముందు డిపాజిట్ అంటారు, పాత చిరునామాలు అంటారు. డెరిక్ నన్ను చేర్చిన కంపెనీకే ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా సాయం చేసింది.

"మీరు మన దగ్గర ఉన్నవారే కదండీ. ఈ ఖాతాలోనే రెండో ఇల్లుగా చేర్చేస్తాను. మిగతా వివరాలన్నీ పాతవేనా?"

"పాతవే."

"గ్రిమ్స్‌బీ ఇల్లు తీసేయమంటారా?"

"ఇప్పుడే వద్దు." తీసేస్తే ఆ సంగతి వెంటనే డెరిక్‌కి తెలుస్తుంది. కాస్త తెలివి వచ్చింది నాకు.

రేటు నేనే ఎంచుకున్నాను. రోజంతా ఒకటే రేటు. ఎర్ర గంటలు లేవు. చవక కాదని ఆ అమ్మాయి మొహమాటంగా చెప్పింది. పర్వాలేదన్నాను.

అయిదింటికి కెటిల్ పెట్టాను. హీటర్ వేశాను. కోటు విప్పి మేకుకి తగిలించాను. ఇంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

హోటల్లో పొద్దుటి వంట పని దొరికింది.

నా ఫోన్లో యాప్ పెట్టుకున్నాను. డెరిక్ వాడే పాస్‌వర్డే పనిచేసింది. చిన్నప్పటి కుక్క పేరు, మారుస్తాడా? తెర మీద రెండు ఇళ్ళున్నాయి. విట్‌బీ కింద నా చిన్న చిన్న గీతలు. గ్రిమ్స్‌బీ కింద అతనివి.

చూడాలని కాదు. ఖాతా నా పేరు మీద ఉంది, అతను ఇష్టం వచ్చినట్టు వాడితే నా మెడకే చుట్టుకుంటుంది. అందుకే చూస్తున్నాను.

మార్చి 1, ఆదివారం

అతను ఎర్ర గంటల్లో హీటర్ వేస్తున్నాడు. రోజూ. నాలుగు నుంచి ఏడు దాకా గీతలు మేడల్లా లేస్తున్నాయి. ఆ మనిషి. ఒక టోస్టు ముక్కకి గొడవపడే మనిషి.

అతనికి ఇక ఏమీ పట్టడం లేదన్నమాట. తింటున్నాడో లేదో. నాకు గుండె తరుక్కుపోయింది. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను.

ఐలీన్ టీకి పైకొచ్చింది. ఫోన్ లాక్కుని చూసింది.

"రోజూ చూస్తున్నావా దీన్ని?"

"అప్పుడప్పుడు."

"మా ఆయన సిగరెట్లు కూడా అప్పుడప్పుడే తాగేవాడు. ఆ ఇంటి మీంచి నీ పేరు తీయించు లినెట్. రేపే."

"వచ్చే వారం," అన్నాను.

మార్చి 5, గురువారం

ఇవాళ కూడా మేడలే. పాపం.

మార్చి 10, మంగళవారం

కంపెనీకి ఫోన్ చేయలేదు. తీరిక లేదు. పేరు తీయిస్తే ఆ ఇల్లు కనబడదు, అది కూడా ఉంది. ఆరింటికి అతని కెటిల్ గీత కనిపిస్తే అతను అక్కడే ఉన్నాడని తెలుస్తుంది. అప్పుడు నాకు నిద్ర పడుతుంది. ఇందులో తప్పేముంది?

మార్చి 13, శుక్రవారం

పని నుంచి వచ్చి చూస్తే గ్రిమ్స్‌బీ గీతలు పొద్దున ఎనిమిది నుంచి చదునుగా ఉన్నాయి. శుక్రవారం అతనికి మధ్యాహ్నం దాకానే పని. ఒంటిగంటకి వచ్చి సూపు వెచ్చబెట్టుకుంటాడు. రెండైంది, మూడైంది, లేవలేదు. పడిపోయాడేమో, గుండె ఆగిపోయిందేమో అనిపించింది. నా వల్లే అనిపించింది. మావిస్‌కి ఫోన్ చేశాను.

"కారు లేదమ్మాయ్," అంది. "పొద్దున్నే పోయాడు. పనికి కాదు. గడ్డం గీసుకుని, ఆ పెళ్ళిళ్ళ కోటు వేసుకుని పోయాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు. నాకదే నచ్చలేదు."

"ఎటు వెళ్ళాడో..."

"ఐలీన్ సంగతి నేను చచ్చినా చెప్పలేదు. ఒట్టు."

ఫోన్ పెట్టేసి మళ్ళీ యాప్ చూశాను. రెండు ఇళ్ళు. గ్రిమ్స్‌బీ, విట్‌బీ. విట్‌బీ కింద వీధి పేరు, తలుపు నంబరు. ఇది అతని ఈమెయిలు, అతని పాస్‌వర్డు. నా ఫోన్లో కనబడేదంతా అతని ఫోన్లోనూ కనబడుతుంది. నేను చేర్చిన రోజు నుంచీ.

దాదాపు నెల రోజులుగా అతను నా కెటిల్ చూస్తున్నాడు. ఆదివారం ఐలీన్ వచ్చినప్పుడు రెండుసార్లు మరగడం చూశాడు. పనికి ఎన్నింటికి వెళ్తానో, ఎన్నింటికి వస్తానో చూశాడు. ఆ మేడలు నేను చూడాలనే వేశాడు. చలి వేసి కాదు. నేను ఆ ఖాతా వదలకుండా ఉండాలని.

మెయిన్ స్విచ్ ఆపేయబోయాను. ఆపితే నాకు తెలిసిందని అతనికి తెలుస్తుంది. వదిలేసి వెళ్ళినా తెలుస్తుంది, గీత పడుకుంటుంది. అప్పుడు నా బుర్ర పనిచేసింది. హీటర్ వేశాను. ఓవెన్ వేశాను. రెండు గదుల్లో దీపాలు వేశాను, కెటిల్ పెట్టాను. లినెట్ ఇంట్లోనే ఉంది, ఎవరో చుట్టాలొచ్చారు, వంట చేస్తోంది అని గీతలు చెప్పాలి. తాళం వేసి కిందికి దిగాను.

ఐలీన్ దుకాణం మూసి నన్ను వ్యానులో ఎక్కించింది.

అదే రోజు, పోలీసు స్టేషన్లో

ఇక్కడి అమ్మాయి నా మాటలు రాసుకుంది. మెత్తగానే మాట్లాడుతోంది. కానీ అతను ఇంకా ఏమీ చేయలేదు కదా అంటోంది. కారులో ఎక్కడికో వెళ్ళడం నేరం కాదట. వీలైనప్పుడు ఒకరిని పంపి చూస్తామంది. నా కోసం టీ తెచ్చింది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు దాటి చాలాసేపైంది. యాప్ అరగంటకోసారి గీత వేస్తుంది. మొదటిది నిలువునా లేచింది. ఓవెన్, హీటర్, అన్నీ. రెండోదీ అంతే. పక్కన ఐలీన్ దాన్ని చూసి, "ఈ నెల బిల్లు నేనే కడతాలే," అంది. నవ్వడానికి ప్రయత్నించాం.

మూడో గీత సగమే లేచింది. నాలుగోది అసలు లేవలేదు. నేల మీద దారం పడ్డట్టు సన్నగా ఉంది.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"అతను ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాడు."

"మీకెలా తెలుసమ్మా?"

ఫోన్ చూపించాను. తేరిపార చూసింది. "ఫ్యూజు పోయిందేమో," అంది.

"పోతే మొత్తం పోతుంది. ఇది ఫ్రిజ్. ఫ్రిజ్ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ ఎవరో ఆపేశారు. ఓవెన్, హీటర్, రెండు గదుల్లో దీపాలు. నా తాళంచెవి ఇదిగో. ఐలీన్‌ది ఆమె సంచిలో ఉంది."

"దొంగ అయితే?"

"దొంగ ఓవెన్ ఆపుతాడా?"

ఆమె నా మొహం వైపు ఒకసారి చూసింది. టేబుల్ మీది వాకీటాకీ తీసుకుని నా చిరునామా చదివింది. లోపల మనిషి ఉన్నాడని చెప్పింది. దీపాలు ఆర్పుకుని కూర్చున్నాడని చెప్పింది.